మాంసంలో ‘మీజిల్స్’ అంటే తట్టు కాదు: బద్దెపురుగు పిల్లల పేర్ల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో పశుపోషకులకు పంచిన కరపత్రం ఒకటి ఆమధ్య నా చేతికొచ్చింది. అందులో ‘గొడ్డుకు తట్టు సోకితే ఆ మాంసం తినరాదు’ అని ఉంది. పక్కనే ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లతో ఓ పిల్లవాడి బొమ్మ. ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పుకునేవాణ్ణి కాబట్టి ఆ వాక్యం ఎక్కణ్ణుంచి ఊడిపడిందో వెంటనే తెలిసిపోయింది. ఇంగ్లీషులో ‘బీఫ్ మీజిల్స్’ అని ఉన్నదాన్ని ఎవరో నిఘంటువు చూసి తెలుగు చేసేశారు. దాన్ని క్లాసులో చూపించినప్పుడు పిల్లలు అడిగినవి, వాళ్ళ ఇళ్ళలో పెద్దవాళ్ళు కబురు పెట్టి అడిగించినవి, పూర్ణా మార్కెట్ దగ్గర నేను యాట మాంసం కొనే కొట్టాయన కత్తి ఆపి మరీ అడిగినవి కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఇంతకీ పశువులకు తట్టు వస్తుందా, రాదా?

మన పిల్లలకు వచ్చే తట్టు రాదు. అది వైరస్ జబ్బు, మనుషుల నుంచి మనుషులకే అంటుతుంది. మాంసం విషయంలో ‘మీజిల్స్’ అంటే కండలో చిక్కుకుని ఉన్న బద్దెపురుగు పిల్లలు. బద్దెపురుగంటే పేగులో పెరిగే పట్టీలాంటి పురుగు, ఇంగ్లీషులో టేప్‌వార్మ్. శాస్త్రం భాషలో సిస్టిసెర్కస్. మాంసంలో అవి ఉన్నంతమాత్రాన పశువు చర్మం మీద ఏమీ కనిపించదు. జ్వరమూ ఉండదు, దద్దురూ ఉండదు. బయటికి నిక్షేపంగా తిరిగే గొడ్డును కోస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. ఆ బొమ్మలో పిల్లవాడికీ ఈ పురుగుకూ ఏ సంబంధమూ లేదు.

మరి ఇంగ్లీషువాళ్ళు రెండింటికీ ఒకే పేరు ఎందుకు పెట్టారు?

పెట్టలేదు, రెండు వేర్వేరు మాటలు వాడుకలో ఒకదాన్నొకటి ఒరుసుకుని ఒకటైపోయాయి. ఈ కథ నాకు చాలా ఇష్టం, కాస్త ఓపిక పట్టండి.

లాటిన్‌లో ‘మిసెర్’ అంటే దీనుడు, దౌర్భాగ్యుడు. దాన్నే ఇంకాస్త జాలిగా, ‘పాపం’ అన్నట్టు పలికితే ‘మిసెల్లుస్’. అది పాత ఫ్రెంచిలోకి వచ్చి ‘మెసెల్’ అయింది, అర్థం కుష్ఠురోగి అని మారింది. మధ్యయుగపు యూరప్‌లో అంతకంటే దీనుడు ఇంకెవరు! ఆ మాటే ఇంగ్లీషులోకీ వెళ్ళింది. పంది మాంసాన్ని కోస్తే లోపలంతా తెల్లటి పొక్కుల్లాంటివి కనిపించేసరికి, ‘ఈ పందికి కుష్ఠు పట్టింది’ అనుకుని అదే మాట వాడారు.

పిల్లల జబ్బు పేరు వేరే దారిన వచ్చింది. డచ్చి వైపు భాషల్లో మచ్చ అనే అర్థమున్న ‘మాసెల్’ లాంటి మాట దానికి మూలం. పలకడానికి దగ్గరగా ఉండేసరికి రెండూ కలిసిపోయి ‘మీజిల్స్’ అయ్యాయి. ఇంగ్లీషులో తుచ్ఛమైనదాన్ని, ఏ మూలకూ చాలనిదాన్ని ‘మీజ్లీ’ అంటారు. అది కూడా ఈ గుంపులోదే.

ఫ్రెంచివాళ్ళు ఇంకో దారి తొక్కారు. బైబిలులో ఒళ్ళంతా పుళ్ళతో ధనవంతుడి గుమ్మం ముందు పడి ఉండే లాజరు అనే బిచ్చగాడు ఉన్నాడు కదా, ఆ లాజరు పేరు మీదనే కుష్ఠురోగిని ‘లాద్ర్’ అన్నారు. ఈ పురుగున్న పందికీ అదే పేరు. అంటే ఇద్దరూ విడివిడిగా మాటలు వెతుక్కుని చివరికి ఒకే తప్పులో కాలేశారు. పురుగును పురుగని గుర్తుపట్టక కుష్ఠు అనుకున్నారు.

వాళ్ళ తప్పుకు కనీసం కళ్ళతో చూసిన సాక్ష్యమన్నా ఉంది, పొక్కులు కనిపించాయి కాబట్టి పొక్కుల జబ్బు పేరు పెట్టారు. మన కరపత్రం రాసినవాళ్ళు అదీ చూడలేదు.

‘సిస్టిసెర్కస్’ అంటే అర్థం ఏమిటి?

గ్రీకు మాటలు రెండు. ‘కిస్టిస్’ అంటే తిత్తి, సంచీ. ‘కెర్కోస్’ అంటే తోక. కలిపితే తిత్తితోక. ఆ పేరు పెట్టిన కాలంలో శాస్త్రవేత్తలు దీన్ని వెనకభాగం ఉబ్బి నీటి తిత్తిగా మారిన ఓ చిన్న పురుగు అనుకున్నారు. ముందు ఓ తల, సన్నని మెడ, ఆ వెనక నీళ్ళ సంచీ. చూసింది చూసినట్టు పెట్టిన పేరే, అందులో వంకేమీ లేదు. కాకపోతే అప్పట్లో దీన్ని బద్దెపురుగు పిల్ల అని ఎవరూ అనుకోలేదు. వేరే జీవి అనుకుని వేరే ప్రజాతిగానే లెక్కకట్టారు. పెద్దపురుగుకు ఒక పేరు, దాని బిడ్డకు ఇంటిపేరుతో సహా ఇంకో పేరు.

పెద్దపురుగు పేరు ‘టీనియా’ కూడా గ్రీకు నుంచి వచ్చిందే, పట్టీ, రిబ్బను అని అర్థం. మన ‘బద్దె’ కూడా అదే చెబుతోంది. సన్నగా, చదునుగా, పొడుగ్గా ఉన్నదాన్ని చూసి ఇద్దరికీ ఒకే ఊహ వచ్చింది.

తల్లీ బిడ్డా ఒకటేనని ఎప్పుడు తెలిసింది?

చాలా ఆలస్యంగా. జబ్బును గుర్తించడం మాత్రం చాలా పాతది. క్రీస్తుకు ముందు 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ పందుల కండలో ఉండే వీటిని ‘వడగళ్ళు’ అన్నాడు. నాలుక కింద చూస్తే తెలుస్తాయనీ రాశాడు. అంతకంటే ముందే ఓ గ్రీకు హాస్యనాటకంలో ‘నీ నోట్లో పుల్ల పెట్టి, నాలుక బయటికి లాగి, పందిని చూసినట్టు చూస్తాం’ అనే ధోరణిలో ఒక బెదిరింపు ఉంది. ప్రేక్షకులు ఆ మాటకు నవ్వారంటే, సంతలో పంది నాలుక లాగి చూడటం అప్పటికే అందరికీ తెలిసిన పనన్నమాట. ఫ్రాన్సులో ఆ తరవాత దీనికోసం ప్రత్యేకంగా నాలుకలు చూసే మనుషులు ఉండేవాళ్ళు, అదొక వృత్తి.

‘వడగళ్ళు’ అనే పేరు నా దృష్టిలో మిగతా అన్నిటికంటే గొప్పది. తెల్లగా, గుండ్రంగా, కాస్త పారదర్శకంగా ఉంటాయి, పైగా పడకూడని చోట పడ్డాయి. అది మన భాషలోకి వచ్చి ఉంటే ఈ తట్టు గొడవే ఉండేది కాదు.

1784లో జర్మనీలో గోజె అనే పాస్టరు పంది కండలోని తిత్తిని జాగ్రత్తగా విప్పి చూశాడు. లోపల ఉన్న తల మనిషి పేగులో దొరికే బద్దెపురుగు తలలాగే ఉంది. చర్చిలో ప్రసంగాలు చెప్పుకునే మనిషి, తీరిక వేళల్లో పురుగుల మీద పడి ఇంత పని చేశాడు. అయినా ఎవరూ చుక్కలు కలపలేదు. 19వ శతాబ్దంలో కూడా ఫాన్ సీబోల్డ్ లాంటి పెద్ద శాస్త్రవేత్త, ఇవి దారితప్పి కండలోకి వెళ్ళి నీరుపట్టి చెడిపోయిన బద్దెపురుగులు అన్నాడు. జలోదరం వచ్చిన మనిషిలాగా అన్నమాట.

ఈ ముడి విప్పినవాడు జర్మన్ వైద్యుడు కూహెన్‌మైస్టర్. ముందు కుందేళ్ళలో ఉండే తిత్తులను కుక్కలకు తినిపించి, వాటి పేగుల్లో బద్దెపురుగులు పెరగడం చూపించాడు. మనిషి సంగతో? 1855లో మరణశిక్ష పడ్డ ఒక ఖైదీకి, శిక్షకు కొద్ది రోజుల ముందు, పంది తిత్తులను ఆహారంలో కలిపి పెట్టించాడు. శిక్ష అమలయ్యాక శవాన్ని కోసి చూస్తే పేగులో చిన్నచిన్న బద్దెపురుగులు అతుక్కుని ఉన్నాయి. రుజువైంది. ఆ ఖైదీకి తను ఏం తింటున్నాడో ఎవరూ చెప్పలేదు. అప్పట్లోనే కొందరు ఈ పనిని నీచమన్నారు. క్లాసులో ఈ కథ చెప్పిన ప్రతిసారీ పిల్లలు రెండు జట్లయిపోతారు. నేనైతే నీచమన్నవాళ్ళ వైపే.

గొడ్డు సంగతి కాస్త తరవాత తేలింది. లాయ్‌కార్ట్ అనే ఇంకో జర్మన్ శాస్త్రవేత్త 1860ల మొదట్లో ఒక దూడకు బద్దెపురుగు గుడ్లు తినిపించి, దాని కండలో తిత్తులు వచ్చాయని చూపించాడు.

మాంసంలో అవి చూడటానికి ఎలా ఉంటాయి?

పాయసం కోసం నానబెట్టిన సగ్గుబియ్యం తెలుసు కదా. నాని పారదర్శకంగా అయిన గింజ మధ్యలో చిన్న తెల్ల చుక్క మిగిలి ఉంటుంది చూశారా, అచ్చం అలా. ఆ తెల్ల చుక్కే లోపలికి ముడుచుకుని ఉన్న తల. సైజు అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు దాకా. పశువు లోపలే పురుగు చచ్చిపోతే ఆ చోట సున్నం పట్టి గట్టి గింజలాగా తగులుతుంది, కత్తికి గరగరమంటుంది.

పురుగు ఒకళ్ళ నుంచి ఒకళ్ళకు ఎలా వెళ్తుంది?

మనిషి పేగులో పెద్ద బద్దెపురుగు ఉంటుంది. గొడ్డు మాంసం ద్వారా వచ్చేదైతే మామూలుగా నాలుగైదు మీటర్లు, ఒక్కోసారి అంతకు చాలా ఎక్కువ. పంది ద్వారా వచ్చేది 2 నుంచి 7 మీటర్లు. ఒళ్ళంతా గొలుసులాగా ముక్కలు, వెయ్యి అటూ ఇటూ. పక్వమైన చివరి ముక్కలు ఊడి మలంతో బయటికొస్తాయి. పూర్వం అరబ్బు వైద్యులు ఈ ముక్కలనే విడి పురుగులనుకుని, సొరగింజల్లా ఉన్నాయని ఆ పేరే పెట్టారు. చూసినవాళ్ళెవరైనా అదే అంటారు.

ఒక్కో ముక్కలో 50 వేల నుంచి లక్ష దాకా గుడ్లు. అవి గడ్డి మీద, మట్టిలో, నీళ్ళలో రోజులూ నెలలూ బతకగలవు. గొడ్డు ఆ గడ్డి మేస్తుంది, పంది ఆ మలమే తింటుంది. గుడ్డులోంచి బయటపడిన పిల్ల పేగు గోడను తొలుచుకుని, రక్తంలో కలిసి, కండకు చేరి, రెండు నెలల్లో తిత్తిగా తయారవుతుంది. ఆ కండను మనిషి సరిగా ఉడకకుండా తింటే, మళ్ళీ రెండు నెలల్లో పెద్దపురుగు. కథ మొదటికొచ్చింది.

ఇందులో పశువుది తప్పేమీ లేదు. దానికి పురుగు మనిషి నుంచే వస్తుంది. మా ఊళ్ళో గెడ్డల వెంబడి తిరిగే పందులను చూసి ముక్కు మూసుకునేవాళ్ళు ఆ గెడ్డలో మలం ఎవరిదో కూడా ఆలోచించాలి.

పందిలోదానికీ గొడ్డులోదానికీ పేర్లు వేరా?

వేరే. గొడ్డులోది సిస్టిసెర్కస్ బోవిస్, దాని తల్లి టీనియా సాజినాటా. పందిలోది సిస్టిసెర్కస్ సెల్యులోసె, తల్లి టీనియా సోలియం. పంది పురుగు తల మీద కొక్కేలుంటాయి, గొడ్డు పురుగుకు ఉండవు. తల్లీబిడ్డలు ఒకటేనని తెలిశాక కూడా ఈ రెండో పేర్లు పోలేదు. ఇప్పుడవి ప్రత్యేక జాతుల పేర్లు కావు, పిలుపు పేర్లు మాత్రమే. పరీక్షలో రాయాల్సి వస్తుంది కాబట్టి పిల్లలు గుర్తుపెట్టుకోక తప్పదు.

మేం యాట మాంసమే తింటాం. బోటి శుభ్రం చేస్తుంటే కొవ్వుకు వేలాడుతూ నీళ్ళ సంచీ కనిపించింది. ఇదీ అదేనా?

నాకు అందరికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. విశాఖలో ఎక్కువమంది వండుకునేది యాట మాంసం, కోడి, చేపలు. గొడ్డు, పంది మాంసం తినేవాళ్ళూ ఉన్నారు గానీ కొట్లో కళ్ళబడేది మాత్రం ఎక్కువగా ఈ సంచీయే.

అది ఇంకో బద్దెపురుగు పిల్ల. పేరు సిస్టిసెర్కస్ టెన్యుకోలిస్. లాటిన్‌లో ‘సన్నమెడది’ అని అర్థం. సంచీని పట్టుకుని చూస్తే ఒక చివర సన్నగా పొడుగ్గా మెడలాంటిది లోపలికి పోయి ఉంటుంది, అందుకే ఆ పేరు. సగ్గుబియ్యం గింజంత కాదు, నిమ్మకాయంత, ఒక్కోసారి ఇంకా పెద్దది. పేగుల మీది కొవ్వు పొరకు, కార్జానికి అంటుకుని వేలాడుతుంది. కార్జం మీద తెల్లటి మెలికల గీతలు కనిపిస్తే అవి ఈ పురుగు పిల్ల నడిచి వెళ్ళిన దారులు కావచ్చు.

దీని తల్లి ఉండేది కుక్క పేగులో, మనిషి పేగులో కాదు. అది తిన్నా మీ కడుపులో పురుగు పెరగదు. తీసి పారేసి మిగతాది వండుకోవచ్చు. అయితే ‘పారేయడం’ అంటే కొట్టు ముందు కాసుకుని కూర్చున్న కుక్కకు విసరడం కాదు. మా కొట్టాయన ఇన్నాళ్ళూ చేసింది అదే. ‘కుక్క తింటే మనకేం సార్’ అన్నాడు. ఆ కుక్క రేపు మేకలు మేసే చోట విసర్జిస్తే, ఎల్లుండి మీ కొట్లోకొచ్చే యాటలో మళ్ళీ ఇదే సంచీ అని చెప్పాను. ఇప్పుడు ఓ డబ్బాలో వేసి మూత పెడుతున్నాడు. ఆ కుక్క మాత్రం నా వైపు చూసే చూపు మారిపోయింది.

గొర్రె కండలోనే చిన్న గింజల్లా ఉండేది ఇంకొకటుంది, సిస్టిసెర్కస్ ఓవిస్. అదీ కుక్క పురుగు పిల్లే, మనిషికి అంటదు.

గొర్రె ఒకే వైపు గుండ్రంగా తిరుగుతుంది. దెయ్యం పట్టిందంటారు. దానికీ బద్దెపురుగుకూ సంబంధం ఉందా?

ఉంది. దెయ్యం మాట కూడా పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు, ఎందుకో చెబుతాను.

కుక్క పేగులో ఉండే టీనియా మల్టిసెప్స్ అనే బద్దెపురుగు గుడ్లను గొర్రె మేతతోపాటు తింటే, వాటిలోంచి వచ్చిన పిల్ల మెదడుకు చేరి అక్కడ నీటి తిత్తిగా పెరుగుతుంది. తిత్తి పెద్దదయ్యేకొద్దీ మెదడును నొక్కుతుంది. గొర్రె మందలోంచి విడిపోతుంది, తల ఒక పక్కకు వాలుస్తుంది, ఒకే వైపు చక్కర్లు కొడుతుంది, చివరికి కళ్ళు కనబడక గోడకు తల ఆనించి నిలబడిపోతుంది. తిత్తి పైభాగానికి దగ్గరగా ఉంటే అక్కడి పుర్రె ఎముక మెత్తబడి వేలికి తెలుస్తుంది. అనుభవమున్న కాపరులు ఆ చోటు తడిమి చెప్పగలరు. పశువైద్యులు ఆ ఎముకలోంచి తిత్తిని తీసేసి గొర్రెను బతికించిన సందర్భాలూ ఉన్నాయి.

ఈ తిత్తి శాస్త్రీయ నామం సీన్యూరస్. గ్రీకులో ‘కొయినోస్’ అంటే ఉమ్మడి, ‘ఊరా’ అంటే తోక. ఒకే తిత్తి గోడకు లోపల వందల తలలు అతుక్కుని ఉంటాయి. అన్ని తలలకూ తోక ఒక్కటే. ఉమ్మడి కుటుంబం అనుకోండి, తలలు బోలెడు, వంటిల్లు ఒకటే.

ఇక జబ్బు పేరు. ఇంగ్లీషులో ‘గిడ్’. అది ‘గిడ్డీ’ నుంచి వచ్చింది. ఇవాళ గిడ్డీ అంటే తల తిరగడం. వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో మాత్రం ‘గిడిగ్’ అంటే పిచ్చెక్కినవాడు, మూలంలోకి వెళితే ‘దేవుడు పూనినవాడు’. పూనకమే! మన కాపరి దెయ్యం పట్టిందన్నాడు, వాళ్ళ కాపరి దేవుడు పూనాడన్నాడు. ఇద్దరూ ఒకే గొర్రెను చూశారు. దీనికే ఇంగ్లీషులో ఇంకో పేరు ‘స్టర్డీ’. ఇప్పుడు ఆ మాటకు దృఢమైన అని అర్థం గానీ, అది పాత ఫ్రెంచిలో దిమ్మెరపోయిన అనే మాట నుంచి వచ్చింది. నిఘంటువు చూసి అనువాదం చేసేవాళ్ళు దీన్ని ‘గొర్రెలకు దృఢత్వం’ అని రాసే రోజు కోసం నేను ఎదురుచూస్తున్నాను.

హైడాటిడ్ అంటే?

ఇది ఇంకో కుక్క పురుగు పిల్ల. గ్రీకులో ‘హుడాటిస్’ అంటే నీటి బొట్టు, నీటి పొక్కు. గొర్రె, మేక, గొడ్డు కార్జంలో, ఊపిరితిత్తుల్లో పెరుగుతుంది. మనిషి కార్జంలోనూ పెరుగుతుంది, జాగ్రత్త పడాల్సింది అందుకే. విచిత్రమేమిటంటే దీని తల్లి కుక్క పేగులో 7 మిల్లీమీటర్లు మించదు, బియ్యపు గింజంత. దాని పిల్ల తిత్తి మాత్రం మనిషిలో కొబ్బరికాయంత కూడా కావచ్చు. లోపల పగిలితే ప్రాణం మీదికొస్తుంది. కుక్కను ముట్టుకున్నాక చేతులు కడుక్కోవడం, పచ్చి కార్జం, ఊపిరితిత్తులు కుక్కకు వేయకపోవడం, పెంపుడు కుక్కకు పశువైద్యుడు చెప్పిన లెక్కన పురుగుల మందు వేయించడం చాలు.

మా ఇంట్లో ఎవరూ మాంసం ముట్టరు. అయినా మా బాబుకు ఫిట్స్ వస్తే స్కానింగ్ తీసి మెదడులో పురుగు తిత్తి అన్నారు. ఎలా సాధ్యం?

ఈ ప్రశ్న అడిగినావిడ గొంతులో భయం కంటే అవమానం ఎక్కువ వినిపించింది. ‘ఇంట్లో ఎవరు చాటుగా తిన్నారు’ అని అత్తగారు నిలదీశారట. కాబట్టి నిదానంగా చెబుతాను.

పంది మాంసంలోని తిత్తిని తింటే కడుపులో పెద్దపురుగు వస్తుంది, మెదడులో తిత్తి రాదు. మెదడులో తిత్తి రావాలంటే టీనియా సోలియం గుడ్లు నోట్లోకి పోవాలి. గుడ్లుండేది పంది మాంసంలో కాదు, ఆ పురుగు కడుపులో ఉన్న మనిషి మలంలో. ఆ మనిషి మరుగుదొడ్డికి వెళ్ళొచ్చి సరిగా చేతులు కడుక్కోకుండా వండినా వడ్డించినా, మలం కలిసిన నీటితో పండిన ఆకుకూర కడగకుండా పచ్చిగా తిన్నా గుడ్లు చేరతాయి. అప్పుడు మనిషి పంది స్థానంలోకి వస్తాడు. పంది కండలో పెరగాల్సిన తిత్తి మన కండలో, కంట్లో, మెదడులో పెరుగుతుంది. దాన్నే న్యూరోసిస్టిసెర్కోసిస్ అంటారు.

మాంసం తినకపోవడం దీనికి అడ్డు కాదు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, మతరీత్యా పంది మాంసం అసలు ముట్టని యూదు కుటుంబాల్లో ఈ జబ్బు బయటపడింది. ఆ సంగతి 1992లో వైద్య పత్రికలో అచ్చయింది. ఈ పురుగు ఎక్కువగా ఉండే దేశాల నుంచి వచ్చి ఆ ఇళ్ళలో వంటా పనీ చేసినవాళ్ళ ద్వారా గుడ్లు చేరి ఉంటాయని తేల్చారు. ఇక మన దేశంలో సైన్యంలో పనిచేసి వెళ్ళిన బ్రిటిషు సైనికులకు ఇంటికి చేరిన కొన్నేళ్ళకు ఫిట్స్ మొదలయ్యేవి. అలాంటి 450 కేసుల వివరాలతో 1961లో అక్కడ ఒక నివేదిక వచ్చింది. మన దగ్గర స్కానింగులో ఒకే ఒక్క చిన్న తిత్తి కనిపించే పిల్లలు చాలామంది ఉంటారు. వాళ్ళ మీద వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి వైద్యులు చేసిన పని ప్రపంచమంతా చదివారు. ఒక్క తిత్తి అయితే ఎక్కువమందికి అది కాలక్రమేణా కరిగిపోతుంది కూడా. మందులు ఎంతకాలం వాడాలన్నది న్యూరాలజిస్టు చెప్పాలి, నేను కాదు.

ఆవిడకు ఇంకో మాట కూడా చెప్పాను. ఇంట్లో అందరూ, వంటమనిషితో సహా, ఒకసారి మల పరీక్ష చేయించుకోండి, ఎవరినీ దొంగను చూసినట్టు చూడకుండా.

క్యాబేజీలో పురుగు మెదడుకెక్కుతుందంటారు?

క్యాబేజీలో కనిపించే పచ్చ పురుగు సీతాకోకచిలుకకో చిమ్మటకో పిల్ల. అది ఎక్కడికీ ఎక్కదు. పచ్చిగా తినే ఏ ఆకు మీదైనా, మట్టి అంటిన ఏ దుంప మీదైనా బద్దెపురుగు గుడ్లు ఉండొచ్చు, కంటికి కనబడవు. కడిగి వండితే భయం లేదు. క్యాబేజీకి ఈ చెడ్డపేరు ఎలా వచ్చిందో గానీ, మా ఇంట్లో కూడా దాన్ని మళ్ళీ వండించడానికి నాకు చాలాకాలం పట్టింది.

మాంసం ఎంతసేపు ఉడికించాలి? ఫ్రిజ్‌లో పెడితే చస్తాయా?

మన ఇళ్ళలో కుక్కర్లో విజిల్స్ లెక్కన ఉడికే కూరలో ఏ తిత్తీ బతకదు. ముక్కలైతే లోపలి వేడి 63 డిగ్రీలు చేరి ఆపైన మూడు నిమిషాలు ఉంటే చాలు, ఖీమా అయితే 71 డిగ్రీలు కావాలి. ప్రమాదమల్లా నిప్పుల మీద పైపైన కాల్చి, లోపల ఎర్రగా ఉండగానే తినే ముక్కలతోనే. సంబరాల్లో, పిక్నిక్కుల్లో, అరకు వైపు వెళ్ళినప్పుడు కాల్చుకునే మాంసం ఏదైనా సరే, ముక్క చీల్చి చూడండి, లోపల రంగు మారకపోతే మళ్ళీ నిప్పుల మీద పెట్టండి.

చలికి కూడా చస్తాయి. పంది మాంసాన్ని సున్నాకు దిగువన 5 డిగ్రీల్లో 4 రోజులు, 15 డిగ్రీల్లో 3 రోజులు, 24 డిగ్రీల్లో ఒక రోజు ఉంచితే చాలంటారు. అయితే ఆ చలి ముక్క మధ్యదాకా పట్టాలి, మధ్యలో కరెంటు పోకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టాక విశాఖలో ఉన్నవాళ్ళెవరూ ఫ్రీజర్‌ను గుడ్డిగా నమ్మరు. నేను పొయ్యినే నమ్ముతాను.

మాంసం తనిఖీ చేసేవాళ్ళు ఎక్కడ చూస్తారు?

ఎక్కువ కదిలే కండల్లో. దవడ కండ, నాలుక, గుండె, ఉదరవితానం. ఆ చోట్ల గాట్లు పెట్టి చూస్తారు. తక్కువ తిత్తులున్న పశువు తప్పించుకుపోవచ్చు, అందుకే ముద్ర పడిన మాంసమైనా ఉడికించే తినాలి.

పురుగుల మాత్ర వేసుకుంటే సరిపోదా?

స్కూళ్ళలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర ముఖ్యంగా ఏలికపాములు, కొంకిపురుగులు, వాటి తరహా పురుగుల కోసం. బద్దెపురుగుకు నిక్లోసమైడ్, ప్రాజిక్వాంటెల్ లాంటి మందులు డాక్టరు ఇస్తారు. సొంతంగా కొనుక్కోవద్దు. మెదడులో తెలియకుండా తిత్తి ఉన్నవాళ్ళు ప్రాజిక్వాంటెల్ లాంటి మందు వేసుకుంటే, తిత్తి ఒక్కసారిగా చచ్చి, చుట్టూ వాపు వచ్చి ఫిట్స్ రావచ్చు.

పందులకైతే టీకా ఉంది, సిస్‌వాక్స్ అని. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారు చేస్తోంది. మనిషికి మందు, పందికి టీకా, ఊరికి మరుగుదొడ్డి, మూడూ కావాలి.

తెలుగులో దీన్ని ఏమనాలి మరి?

పాఠ్యపుస్తకాల్లో సిస్టిసెర్కస్ డింభకం అని ఉంటుంది. పరీక్షకు బాగుంటుంది, కొట్లో పనికిరాదు. నేను ‘తిత్తి పురుగు’ అంటాను. గ్రీకు మాటలో సగం అదే అర్థం, పైగా తిత్తి అంటే మనవాళ్ళకు తెలుసు. మా కొట్టాయన మాత్రం ‘నీళ్ళ బుడగ’ అంటాడు, అదీ తప్పేం కాదు. ‘వడగళ్ళు’ అని అలవాటు చేద్దామని క్లాసులో ఓసారి ప్రయత్నించాను. పరీక్షలో ఒకడు ‘పందికి వడగళ్ళ వాన వలన వచ్చే వ్యాధి’ అని రాశాడు, ఆ ప్రయత్నం అక్కడితో మానుకున్నాను.

ఆ కరపత్రం సంగతి ఏమైంది?

అచ్చు వేయించినవాళ్ళకు ఉత్తరం రాశాను. మర్యాదగానే జవాబిచ్చారు, సరిచేస్తామన్నారు. రెండో ముద్రణ మొన్న చూశాను. ‘తట్టు’ తీసేశారు. ఆ చోట ‘దద్దుర్లు’ అని వేశారు. పిల్లవాడి బొమ్మ మాత్రం అలాగే ఉంది.